నేను నింపిన ఖాళీ గళ్ళు

కంప్లయన్స్ ఉద్యోగాల్లో, అంటే కంపెనీ చట్టప్రకారం నడుస్తోందో లేదో చూసే పనుల్లో, కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి భోజనానికి వచ్చారు. అందులో ఒకమ్మాయి "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ డే ఏది?" అని అడిగింది. నా బెస్ట్ డే గురించి వింటే మీకు ఒరిగేదేముంది? పది నిమిషాల్లో మర్చిపోతారు. అందుకని నా వరస్ట్ డే గురించి చెప్పాను. చెప్పినప్పుడు కొంత దాచాను కూడా. దాచింది కలిపి ఇప్పుడు ఆ పిల్లలకే, మీకే, రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్న పదీ నలభైకి ఒక అబద్ధం కింద సంతకం పెట్టాను. అది అబద్ధమని తెలిసే పెట్టాను.

ముందు నా సంగతి కొంచెం తెలియాలి. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు స్టోర్సులోనూ, క్వాలిటీ సెక్షన్‌లోనూ పనిచేశాను. రెండువేల అయిదులో, నలభయ్యో పడిలో పడ్డాక, హెచ్ వన్ వీసా మీద అమెరికాలోని శాంటా క్లారా వచ్చాను. నెట్‌వర్క్ పెట్టెలు తయారుచేసే కంపెనీ. వాటిలో వాడే విడిభాగాల నాణ్యత చూడటం నా పని. మావారు గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉన్న ఉద్యోగం వదులుకుని నా వెంట వచ్చారు. అప్పట్లో డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు ఇక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఊరంతా మగవాళ్ళ వీసా మీద ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుంటే, మా సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో మాత్రం వ్యవహారం తిరగబడింది. ఆయన దాన్ని నవ్వుతూనే భరించారు. లైబ్రరీలో పిల్లలకి ఊరికే లెక్కలు చెప్పేవారు, నాకు లంచ్ బాక్సు కట్టేవారు. ఈ సంగతి జరిగిన రెండువేల పద్నాలుగు నాటికి గ్రీన్ కార్డు క్యూలో తొమ్మిదేళ్ళుగా నిలబడి ఉన్నాం. ఇప్పుడు మీకు ఉద్యోగం పోతే అరవై రోజులు గడువుంటుంది. మాకు అదీ లేదు. ఉద్యోగం పోయిన రోజునే ఈ దేశంలో మన నిలువనీడ పోయినట్టు లెక్క.

ఇక చట్టం సంగతి. ఆ ఏటికి రెండేళ్ళ ముందు అమెరికాలో ఒక కొత్త నిబంధన వచ్చింది. కాంగోలోనూ, దాని చుట్టుపక్కల దేశాల్లోనూ గనులు పట్టుకుని, జనాన్ని చంపుతూ, తవ్విన ఖనిజం అమ్ముకునే ముఠాలున్నాయి. తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం. ఇవి లేకుండా ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ లేదు. కాబట్టి ప్రతి పెద్ద కంపెనీ తన వస్తువుల్లోని ఈ నాలుగూ ఎక్కణ్ణుంచి వచ్చాయో అడిగి తెలుసుకుని ప్రభుత్వానికి రాసివ్వాలి. మొట్టమొదటి రిపోర్టులు రెండువేల పద్నాలుగు వేసవి మొదట్లో ఇవ్వాలి. మా కంపెనీలో ఆ పని నా నెత్తిన పడింది. పడిందంటే, నేనే ఎగబడి తీసుకున్నాను. అదొక్కటే కాస్త గౌరవంగా అనిపించిన పని.

మూడు వందల పైచిలుకు సప్లయర్లకి ఎక్సెల్ ఫారం పంపాం. నీ ఖనిజం కరిగించిన ప్రతి కొలిమి పేరూ రాయి, దాని ఎదురుగా, ఆ ఖనిజం కాంగో ప్రాంతం నుంచి వచ్చిందా, అవునా కాదా రాయి. ఒకడు పీడీఎఫ్ పంపాడు, ఒకడు ఫోటో తీసి పంపాడు. అన్నిటినీ ఒకచోట చేర్చడానికి నేనే ఒక మ్యాక్రో, ఎక్సెల్‌లో తనంతట తనే పనిచేసే చిన్న ప్రోగ్రాం, రాసుకున్నాను. నలభై తొమ్మిదేళ్ళ వయసులో మ్యాక్రో రాశానని ఎంత మురిసిపోయానో!

తప్పు అక్కడే జరిగింది. మా ఫ్యాక్టరీ రిజిస్టర్లలో పైన రాసిందే కిందా అయితే మళ్ళీ రాయం. కింద రెండు చిన్న గీతలు గీస్తాం, దాన్ని ‘డిటో’ అంటాం. రద్దీ ఎక్కువైన రోజుల్లో ఆ గీతలు కూడా మానేసి ఖాళీగా వదిలేవాళ్ళం. ఖాళీ అంటే పైదే అని స్టోర్సులో అటెండర్‌కి కూడా తెలుసు. పదిహేనేళ్ళు అలా చదివిన కళ్ళు నావి. సప్లయర్ల ఫారాల్లో మొదటి వరసలో ‘నో’ అని ఉండి కింద పది వరసలు ఖాళీగా కనబడితే నాకు అనుమానమే రాలేదు. పైదాన్నే కిందికి లాగి నింపమని మ్యాక్రోకి చెప్పాను. నా షీటు నిండా నో, నో, నో. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంది.

మా మేనేజర్ వరంగల్ అబ్బాయి. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ని మీరు అనేదాన్ని. తెలివైనవాడు, మంచివాడే. నా షీటు చూసి ఎగిరి గంతేశాడు. అన్నీ ‘నో’ అయితే మా రిపోర్టు ఒక్క పేజీ. అడిగాం, అక్కణ్ణుంచి రాలేదని తేలింది, అంతే. పోటీ కంపెనీలు యాభై పేజీలు రాసుకుంటూ తల పట్టుకున్న రోజులవి. ఆయన పై వాళ్ళకి చెప్పాడు, పై వాళ్ళు మార్కెటింగ్‌కి చెప్పారు. ‘మా పెట్టెల్లో యుద్ధం లేదు’ అని నిగనిగలాడే బ్రోషర్లు అచ్చయి అట్టపెట్టెల్లో వచ్చి కాఫీ మెషిన్ పక్కన చేరాయి. ఆయన డైరెక్టర్ ప్రమోషన్ ఇంచుమించు ఖాయమైంది.

రిపోర్టు సోమవారం దాఖలు చేయాలి. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి మా కంపెనీ లాయర్ దాన్ని ఖరారు చేస్తుంది. బుధవారం మధ్యాహ్నం నాకు ఒహాయో నుంచి ఫోనొచ్చింది.

టాంటలంతో చేసే కెపాసిటర్లు అమ్మే ఒక చిన్న సంస్థలో గుమస్తా ఆవిడ. గొంతు బట్టి నాకన్నా పెద్దదే. నా షీటులోంచి ఎవరి వివరాలు వాళ్ళకి తిప్పి పంపడం నా అలవాటు, రికార్డు కోసం. ఆవిడ దాన్ని కూర్చుని వరసగా చదివిందట. మూడు వందల మందిలో చదివింది ఆవిడొక్కతే.

"అమ్మా, మీ కాగితంలో పదకొండు చోట్ల ‘నో’ అని ఉంది. మేము ‘నో’ అని రాసింది ఒక్కచోటే" అంది.

"మిగతావి ఖాళీగా ఉన్నాయి కదండీ?"

"అవును. మాకు తెలియదు. తెలియదు కాబట్టే ఖాళీగా వదిలాం."

ఫోన్ పెట్టేశాక మ్యాక్రో తీసేసి అసలు ఫారాలన్నీ ఒక్కొక్కటీ తెరిచాను. ముప్ఫై ఏడుగురు సప్లయర్లు ఖాళీలు వదిలారు. వాళ్ళలో టాంటలం వాళ్ళే ఎక్కువ. ఆ ‘నో’లన్నీ వాళ్ళవి కావు, నావి. కాంగోలో ఏ గనిలో ఏం జరుగుతోందో శాంటా క్లారాలో కూర్చుని నేను తేల్చేశాను.

సాయంత్రం మేనేజర్ గదికి వెళ్ళి తలుపు వేసి చెప్పాను. ఆయన లేచి అద్దాల గోడలోంచి బయటికి చూశాడు.

"అక్కా, గిప్పుడు చెప్తరా ఇది?"

"ఇప్పుడే తెలిసింది."

"ఎవరికన్నా చెప్పిన్రా?"

"లేదు."

"అయితే ఆగుండ్రి. ఫైలింగ్ అయిపోనీయండి. నెక్స్ట్ ఇయర్ మెల్లగ కరెక్ట్ చేసుకుందాం. అప్పీల్ కోర్టే సగం రూల్ కొట్టేసింది కద? మనల్నెవరు అడుగుతరు?"

కోర్టు మాట నిజమే. నెలన్నర క్రితమే ఒక తీర్పు వచ్చింది. ‘నా వస్తువు కాంగో యుద్ధానికి సంబంధం లేనిది అని తేలలేదు’ అని కంపెనీ తన నోటితో తానే చాటుకోవాలనడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమంది. కొట్టేసింది ఆ ముద్రని మాత్రమే. అడగడం, విన్నది విన్నట్టు రాయడం అలాగే ఉన్నాయి. ఆ ముక్క ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆయన బల్లమీద ఒక ఫైలుంది. దానిలో ఉన్నది నా వీసా పొడిగింపు కాగితం. జూన్ ఆఖరికి నా గడువు తీరిపోతుంది. ‘ఈ ఉద్యోగిని కొనసాగించాలా?’ అన్న గడిలో మేనేజర్ అవుననో కాదనో రాసి హెచ్ఆర్‌కి ఇవ్వాలి, పై వారం శుక్రవారంలోగా. ఆయన దాని వంక చూడలేదు. చూడకపోవడం వల్లే నాకు ఎక్కువ భయం వేసింది.

"మీరు ఆలోచించుకోండి అక్కా" అన్నాడు. బెదిరించినట్టు అనలేదు. బతిమాలినట్టే అన్నాడు.

ఇంటికెళ్ళి మావారికి చెప్పలేదు. తలనొప్పి అని పడుకున్నాను. మీ దగ్గర దాచిన సంగతుల్లో ఇదొకటి. నేను ఆ పూటే నిర్ణయం తీసేసుకున్నాను, సంతకం పెట్టేద్దామని.

గురువారం సంతకాల పద్ధతి ఏమిటో చెప్పాలి. రెండువేల ఒకటి, రెండు సంవత్సరాల్లో పెద్ద కంపెనీలు కొన్ని మోసాలు చేసి కుప్పకూలాక, ‘నాకు తెలియదు’ అని పై అధికారి తప్పించుకోవడానికి వీల్లేకుండా చట్టం చేశారు. ఆయన సంతకం పెట్టి తీరాలి. దాంతో పై అధికారులు తెలివిగా ఒక ఆచారం పెట్టుకున్నారు. ఆయన సంతకం పెట్టేముందు కింద ఉన్నవాళ్ళు తలా ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టాలి. వాళ్ళ కింద వాళ్ళు ఇంకో కాగితం మీద. మా తెలుగువాళ్ళం వాటిని పిల్ల సంతకాలు అనుకునేవాళ్ళం. లెక్కల కోసం పుట్టిన ఆ ఆచారమే ఖనిజాల రిపోర్టుకీ తెచ్చి పెట్టారు. అన్నిటికన్నా అడుగున ఉన్న పిల్ల సంతకం నాది.

లాయర్ అరవై దాటిన అమెరికన్ ఆవిడ. పొట్టి మనిషి, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది. ఆవిడ గదికి ఒక్కొక్కరం వెళ్ళాలి. కాగితం ముందుకి తోసి ఎవరినైనా ఒకటే ప్రశ్న వేసేది: "ఇందులో నీకు అన్నిటికన్నా తక్కువ ఇష్టమైన వాక్యం ఏది?" అబద్ధముందా, తప్పుందా అని అడిగేది కాదు. అందరూ ‘ఏమీ లేదు’ అని నవ్వేసి సంతకం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది.

నన్నూ అడిగింది. నా కాగితంలో మూడే వాక్యాలు. రెండోది, ‘సప్లయర్లు ఇచ్చిన జవాబులను యథాతథంగా నమోదు చేశాను.’

"ఏమీ లేదు" అన్నాను. సంతకం పెట్టాను. టైమ్ కూడా వేయాలి. పది నలభై అని వేశాను.

ఆవిడ ఈసారి నవ్వలేదు. "నీ పేరులో చివరి అక్షరం రాయలేదు" అంది. చూస్తే నిజంగానే వదిలేశాను. పూర్తి చేసి ఇచ్చి బయటపడ్డాను.

పార్కింగ్ లాట్‌లోకి ఎలా వచ్చానో గుర్తులేదు. కారులో కూర్చుని మావారికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, బుధవారం నుంచి దాచినదంతా. మధ్యలో ఏడుపొచ్చింది. ఆయన లైబ్రరీలో ఉన్నట్టున్నారు, బయటికి వచ్చిన తలుపు చప్పుడు వినబడింది.

"అంటే, రాయని ప్రశ్నకి మార్కులు వేశావన్నమాట" అన్నారు.

"తెలియక వేశానండీ."

"నిన్నటి దాకా తెలియక. ఇవాళ పొద్దున్న తెలిసే కదా?"

నాకు ఒళ్ళు మండింది. "మీకేం, చెప్తారు! ఆ కాగితం మీద ఆయన ‘నో’ రాస్తే జూన్ దాటాక ఎక్కడుంటాం? గుంటూరు వెళ్ళి ఏం చేస్తాం? మీ ఉద్యోగం వదిలేసి వచ్చారు, నాకు ఈ వయసులో ఎవరిస్తారు?" అని అరిచాను. పక్క కారతను తలెత్తి చూశాడు.

ఆయన, "పెట్టెలు సర్దే పని నేను చూసుకుంటాను. నువ్వు లోపలికెళ్ళు" అన్నారు.

అంతే. ధర్మం, నీతి అని ఒక్క ముక్క అనలేదు. అని ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదేమో, నా సంగతి నాకు తెలుసు.

మళ్ళీ లాయర్ గదికి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. "నాకు రెండో వాక్యం ఇష్టం లేదు" అన్నాను. ఆవిడ కుర్చీ చూపించింది. కూర్చోకుండానే చెప్పేశాను. డిటో అంటే ఏమిటో, రిజిస్టర్ అంటే ఏమిటో ఒక అమెరికన్ లాయర్‌కి వివరించడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. ఒక కాగితం తీసుకుని గళ్ళు గీసి, రెండు గీతలు పెట్టి చూపించాను. అర్థమయ్యాక ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ గళ్ళని మళ్ళీ చూసింది.

"నా మొదటి కాగితం ఇచ్చేయండి, చింపేస్తాను" అన్నాను.

"అది ఇప్పుడు నీది కాదు, నాదీ కాదు. చింపడానికి వీల్లేదు" అంది. కొత్త కాగితం ముందుకి తోసింది. "రెండోది రాయి. నిజంగా జరిగింది నీ మాటల్లో రాయి. రెండూ ఫైలులో ఉంటాయి."

రాశాను. పదకొండు యాభై అని టైమ్ వేశాను. మొదటిదాని పక్కన రెండోది పెట్టి ఆవిడ క్లిప్పు గుచ్చింది. ఆ డెబ్భై నిమిషాల్లో నేను ఎలాంటిదాన్నో ఆ ఫైలు తెరిచిన ఎవరికైనా తెలుస్తుంది. ‘థాంక్యూ’ అనలేదు ఆవిడ. మెచ్చుకోలేదు. ఫోన్ ఎత్తి, "పన్నెండుకి ఖరారు చేయడం లేదు" అని ఎవరికో చెప్పి, "ఆ ముప్ఫై ఏడుగురి నంబర్లు తీసుకురా" అంది.

గురువారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా ఆవిడా నేనూ ఆ ముప్ఫై ఏడుగురినీ అడిగాం. ఆరుగురు నిజంగానే ‘నో’ అన్నారు, కాగితాలు చూపించారు. మిగతావాళ్ళు తెలియదన్నారు. తెలియదని రాసుకుంటే తప్పేమీ లేదు, మొదటి రెండేళ్ళు ఆ చట్టమే అందుకు చోటిచ్చింది. మా కంపెనీలో ఆ చోటు ఎవరికీ కనబడలేదు, అంతే. ఒక్క పేజీ రిపోర్టు పద్దెనిమిది పేజీలైంది. సోమవారం దాఖలైంది. ఆ తర్వాత ఏమైందంటారా? ఏమీ కాలేదు. లోకంలో ఒక్కరైనా దాన్ని చదివినట్టు నాకు దాఖలా లేదు. బ్రోషర్లు మాత్రం రీసైక్లింగ్‌కి వెళ్ళాయి, మా మేనేజర్ ప్రమోషన్ ఆగిపోయింది.

మా మేనేజర్ ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. నా కాగితం ఇప్పుడు ఫైలు బయట, ఆయన బల్లమీద అద్దం పక్కనే ఉంది. ఆ గది ముందు నుంచి నడిచినప్పుడల్లా అద్దంలోంచి చూసేదాన్ని. ఆ గడి ఖాళీగానే ఉంది. ఇన్నాళ్ళూ ఖాళీ గడిని చూస్తే నాకు వెంటనే అర్థమైపోయినట్టుండేది. ఇప్పుడు ఎనిమిది రోజులు దాన్ని చూస్తూ కూడా ఏం అనుకోవాలో తెలియలేదు. నన్ను తీసేసి ఉంటే ఆఫీసు తలుపు తెరిచే బ్యాడ్జి పనిచేయదు కదా, రోజూ దాన్ని ఆనించి పచ్చ దీపం వెలిగేదాకా చూసేదాన్ని.

శుక్రవారం మూడున్నరకి ఆ కాగితం పట్టుకుని నా క్యూబికల్‌కి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, మీ మీద నాకు మస్తు కోపముండె" అన్నాడు.

"ఉంటుంది. తప్పు చేసింది నేను."

"తప్పుకు కాదు. తప్పు ఎవరైనా చేస్తరు. మీరు పొయ్యి చెప్పిన్రని." కాగితం బల్లమీద పెట్టాడు. "నిన్న లాయర్ నన్ను పిలిచింది. నా పిల్ల సంతకం చూపెట్టింది. పదీ నలభై అయిదు. మీది పెట్టిన అయిదు నిమిషాలకే పెట్టిన నేను. బుధవారమే మీరు నాకు చెప్పి ఉన్నరు కద, మరి నేనేం చూసి పెట్టిన? మీ సంతకం చూసి పెట్టిన. నా పై ఆయన నాది చూసి పెట్టిండు. ఆఖరికి సీఈఓ కూడా గంతే చేస్తుండె కద అక్కా. అందరం మీ సంతకం కింద డిటో కొట్టినం."

ఆయన కూడా రెండో కాగితం రాసిచ్చి వచ్చాడని తర్వాత తెలిసింది.

నా బల్లమీదున్న పెన్ను తీసుకుని ఆ గడిలో ‘యెస్’ అని రాశాడు. ఒక్కో అక్షరం విడివిడిగా. "మంచిగ కనబడుతుంద? మళ్ల ఎవరన్న ఖాళీ అనుకుంటరు" అని కాగితం నా వైపు తిప్పి చూపించాడు. ఇద్దరం నవ్వాం. నేను బాత్రూంకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తలుపు తీస్తే హాల్లో నాలుగు పెద్ద సూట్‌కేసులు నిలబెట్టి ఉన్నాయి. పెట్టెలు సర్దుతానంటే మాటవరసకి అన్నారనుకున్నాను నేను. నిజంగానే సర్దేశారు. స్ప్రింగ్ తక్కెడతో బరువు చూసి, ఒక్కోదాని మీద కాగితం అంటించారు, ఇరవై రెండు కిలోలు, ఇరవై రెండున్నర అని. వారం రోజులుగా నేను ఆఫీసుకి వెళ్ళాక ఒక్కొక్కటీ సర్ది బెడ్‌రూం క్లోజెట్‌లో దాచారట, నా కంట పడకుండా. ఆ రోజు గడువు కాబట్టి బయట పెట్టారు.

"యెస్ రాశాడండీ" అన్నాను.

ఆయన సోఫాలో కూలబడిపోయారు. నన్ను లోపలికి వెళ్ళమన్న మనిషి వారం నుంచి నాకన్నా ఎక్కువ భయపడుతున్నారని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

శనివారం మూడు పెట్టెలు విప్పాం. నాలుగోది, ఆయన బట్టలున్నది, నేను విప్పనివ్వలేదు. దాన్ని మంచం కిందికి తోశాను. ఆ తర్వాత పదేళ్ళు ఏటా వేసవి మొదట్లో నా పిల్ల సంతకం పెట్టే రోజు వచ్చేది. పొద్దున్నే వంగి ఆ పెట్టె అక్కడే ఉందో లేదో చూసుకుని ఆఫీసుకి వెళ్ళేదాన్ని. గ్రీన్ కార్డు వచ్చాక కూడా మానలేదు. మీరు ఆ కుర్చీల్లో కూర్చున్నారు కాబట్టి చెప్తున్నాను, తెలియదని రాయాల్సి వచ్చినప్పుడు ఇంట్లో సర్దిన పెట్టె ఒకటి ఉంటే చేయి అంతగా వణకదు.

నిరుడు రిటైరయ్యాక దాన్ని విప్పాను. ఆయన చొక్కాలు ఒక్కటీ ఆయనకి పట్టలేదు.